సూది గది బయట నేను

ఆ సోమవారం బడికి లేపుతుంటే మా మను కళ్లు సగం కూడా తెరుచుకోలేదు. రెప్పలు ఉబ్బిపోయి, బుగ్గలు పొంగి, నా బిడ్డ ముఖం నా బిడ్డదిలా లేదు. ఏ పురుగో కుట్టి ఉంటుందనుకున్నాను. నస్పూర్‌లో మా వీధి చివరి క్లినిక్‌లో అలర్జీ అన్నారు, సిరప్ ఇచ్చారు. మధ్యాహ్నానికి వాపు కొంచెం దిగింది. మరునాడు పొద్దున మళ్లీ వచ్చింది. అలాగే వారం గడిచింది. ఒక సాయంత్రం సాక్సులు విప్పితే ఎలాస్టిక్ ముద్ర కాలి మీద లోతుగా దిగి, ఎంతసేపటికీ పోలేదు. మూత్రం సబ్బు నీళ్లలా నురగ కడుతోందని కూడా అప్పుడే చూశాను. మను అప్పుడు ఒకటో తరగతి.

మా ఆయన శ్రీరాంపూర్‌లో బొగ్గు గనిలో పనిచేస్తారు. షిఫ్టు దిగి రాగానే మంచిర్యాలలో పిల్లల డాక్టరుకు చూపించాం. ఆయన యూరిన్ టెస్ట్ చూసి, ఇక్కడ ఆలస్యం చేయకుండా కరీంనగర్ తీసుకెళ్లమన్నారు.

కరీంనగర్ ఆసుపత్రిలో మళ్లీ టెస్టులు చేశారు. యూరిన్‌లో ప్రోటీన్ ఫోర్ ప్లస్, రక్తంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ బాగా తక్కువ. డాక్టరమ్మ కాగితాలు పక్కన పెట్టి మా ఇద్దరికీ చెప్పింది. “నెఫ్రోటిక్ సిండ్రోమ్ అంటం. కిడ్నీలు జల్లెడ లెక్క అయినయ్. ఒంట్లె ఉండాల్సిన ప్రోటీన్ యూరిన్ల పోతుంది. స్టెరాయిడ్స్ తోని తగ్గుతది. కానీ మల్లమల్ల వస్తుంటది, దానికి తయారుండాలె.” నాకు తగ్గుతది అన్న మాటే వినిపించింది.

తగ్గింది కూడా. వాపు దిగింది, యూరిన్ శుభ్రమైంది. స్టెరాయిడ్స్ వల్ల మనుకు ఆకలి పెరిగి ముఖం గుండ్రంగా అయింది. వీధిలో ఆడవాళ్లు మీ బిడ్డ మంచిగ ఒళ్లు చేసింది అనేవాళ్లు. వాపు రాకుండా డాక్టరమ్మ ఉప్పు మానిపించింది. ఆ చప్పటి పప్పు ముందు కూర్చుని నా బిడ్డ ఏడుస్తుంటే, బడి విడిచాక వాళ్ల పిల్లలు మిర్చి బజ్జీలు తింటూ మా వాకిటి ముందు నుంచే పోయేవాళ్లు. ఆ పిల్లల మీద కాదు గానీ, వాళ్ల తల్లుల మీద నాకు కడుపు మండేది. వాళ్లకు పొద్దున లేస్తే బిడ్డ కళ్లు ముందు చూసుకోవాలన్న బెంగ లేదు.

చలికాలంలో జలుబు చేసింది, దాని వెనకే జబ్బు తిరగబెట్టింది. రిలాప్స్ అన్నారు. ఈసారి పొట్ట, కాళ్లు అన్నీ ఉబ్బాయి. కరీంనగర్‌లో అడ్మిట్ చేసి అల్బుమిన్ ఎక్కించాలన్నారు. ఉబ్బిన చేతిలో నరం దొరకదు. వార్డు చివర ప్రొసీజర్ రూమ్ ఉండేది, పిల్లలు దాన్ని సూది గది అనేవాళ్లు. తల్లులు లోపలికి రాకూడదు. తల్లిని చూస్తే పిల్లలు ఇంకా మొండి చేస్తారని, తల్లులు కళ్లు తిరిగి పడిపోతారని చెప్పేవారు.

మొదటిసారి తలుపు వేయగానే “అవ్వా” అని నన్ను పిలుస్తూ మను పెట్టిన కేక వినిపించింది. నేను కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డాను. కాసేపటికి ఆ ఏడుపు మీదుగా ఒక సన్నటి పాట వినిపించింది. ఏడుపు మెల్లగా తగ్గింది. తలుపు తెరుచుకుంటే మను ఒక సిస్టర్ చంకలో ఉంది, తల ఆమె భుజం మీద. నేను చేతులు చాపితే రాలేదు. “రూతు సిస్టర్ మంచిగ చేసింది అవ్వా” అంది. నేనేమో బయట నిలబడి చచ్చి బతికాను.

రూతు సిస్టర్‌ది ఆదిలాబాద్ వైపు, చర్చిలో పాటలు పాడుతూ పెరిగిన పిల్ల. వార్డులో డ్యూటీ చేస్తూనే నర్సింగ్‌లో పెద్ద చదువు చదువుతోంది. మంచి మనిషి. ఆ సంగతి నాకు తెలిసినా మనసుకు ఎక్కేది కాదు. నేను కలిపి పెడితే ఉమ్మేసే చప్పటి అన్నం ఆమె పెడితే మను మింగేది. ఆమెకు సెలవైతే గోడ వైపు తిరిగి పడుకునేది. ఒకరోజు నేను జడ వేస్తుంటే, రూతు సిస్టర్ లాగకుండ వేస్తది అంది. దువ్వెన పక్కన పెట్టేసి బాత్రూమ్‌లోకి వెళ్లి కూర్చున్నాను.

అప్పుడే రూతు తన చదువు కోసం ఒక పరిశోధన మొదలుపెట్టింది. సూది గదిలోకి తల్లిని రానిస్తే పిల్లలకు భయం తగ్గుతుందా, తల్లులకు ఎలా ఉంటుంది అన్నది తెలుసుకోవాలట. కొందరు తల్లులు లోపలికి వస్తారు, కొందరు ఎప్పటిలాగే బయట ఉంటారు. ఎవరు ఎటు అన్నది మూసిన కవర్లో వచ్చే చిట్టీ ప్రకారం, ఏ కవర్లో ఏముందో తనకూ తెలియదంది. ఇష్టం లేకపోతే చేరక్కర్లేదు, చేరినా ఎప్పుడైనా మానేయవచ్చు అని రెండుసార్లు చెప్పింది. లోపలికి పోయే దారి దొరుకుతుందన్న ఆశతో సంతకం చేశాను. నా చిట్టీలో బయట అని వచ్చింది.

పక్క మంచం రజితకు లోపల అని వచ్చింది. రజిత వాళ్లది సిరిసిల్ల, భర్త సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేస్తాడు. వాళ్ల అమూల్యకు కూడా ఇదే జబ్బు. మొదటి రోజు అమూల్య ఏడ్చి ఏడ్చి తల్లి మెడ పట్టుకుని బయటికి వచ్చింది. ఆ చిన్న చేతులు రజిత మెడ చుట్టూ ఎలా ఉన్నాయో నాకు ఇప్పటికీ గుర్తే. ఆ సాయంత్రం నేను రజితతో మాట్లాడలేదు.

రెండు రోజులకు నల్లా దగ్గర టిఫిన్ డబ్బాలు కడుగుతుంటే తనే కదిపింది. “నీ చిట్టీ నాకచ్చినా మంచిగుండు అక్కా. లోపట ఏడుపచ్చినా ఏడ్వరాదు. పిల్ల నా మొకమే చూస్తది, నేను నవ్వాలె. నువ్వన్న బయట ఏడ్వచ్చు.”

“మార్చుకుందామా మరి?” అన్నాను. కావాలనే అన్నాను. రజిత డబ్బా మూత వెతుక్కుంటూ వెళ్లిపోయింది. అన్నీ ఉన్నవాళ్లకే అలసట అనిపించింది నాకు.

ఆ తర్వాత మనుకు జ్వరం వచ్చింది. కడుపు నొప్పి అని మెలికలు తిరిగింది. డాక్టరమ్మ పొట్ట మీద చేయి వేయగానే బిడ్డ కెవ్వుమంది. “కడుపుల ఇన్ఫెక్షన్ అయింది, పెరిటోనైటిస్. జల్ది యాంటీబయాటిక్స్ ఎక్కియ్యాలె. గీ రెండు రోజులు జర గట్టిగ ఉండున్రి” అంది. మందు ఎక్కించడానికి ముందు రోజు నరంలో పెట్టిన సన్న గొట్టం, కాన్యులా, పాడైంది, మళ్లీ కొత్తది పెట్టాలి. రూతు వచ్చింది. అంత నొప్పిలోనూ మను ఆమె వైపు చేతులు చాపింది.

నేను అడ్డం నిలబడ్డాను. “నేను కూడ వస్త సిస్టర్. మీ చదువు సంగతి నాకు తెల్వదు. నా బిడ్డ పానం మీదికచ్చింది. నేనింక బయట నిలవడ.”

రూతు వాదించలేదు. “స్టడీలకెల్లి ఎప్పుడంటే అప్పుడు బయటికి రావచ్చక్కా, ముందుగాలనే చెప్పిన గదా. లోపటికి రానిచ్చుడు మాత్రం నా చేతుల లేదు. మేడమ్‌ను అడుగుత” అని వెళ్లింది. డాక్టరమ్మ సూది గది తలుపు దగ్గరి నుంచే నన్ను చూసి, కళ్లు తిరిగితే కింద కూర్చోవాలి, అప్పుడు మిమ్మల్ని చూసే తీరిక మాకు ఉండదు అని చెప్పి రమ్మంది.

నేను ముట్టుకుంటే చాలు, బిడ్డ ఊరుకుంటుందనుకున్నాను. అక్కడున్న ఇంకో సిస్టర్ మను చేయి కదలకుండా పట్టుకోమంది, పట్టుకున్నాను. మొదటి సూదికి నరం అందలేదు. రెండోదానికీ అందలేదు. “అవ్వా, వద్దని చెప్పు. నువ్వు చెప్పు” అని మను నా కళ్లలోకి చూస్తూ అరిచింది. నేను చేయి ఇంకా గట్టిగా పట్టుకున్నాను. చివరికి పాదంలో నరం దొరికింది. అయిపోగానే మను నన్ను తోసి రూతు నడుము పట్టుకుని ముఖం దాచుకుంది. తలుపు బయట ఉన్నన్నాళ్లు లోపలికి వెళ్తే గెలుస్తాననుకున్నాను. లోపలికి వెళ్లి కూడా ఓడిపోయాను.

సాయంత్రం దాకా మను నాతో మాట్లాడలేదు. రూతు జ్వరం చూడటానికి వస్తే అడిగేశాను. “మిమ్మల్ని చూస్తే నవ్వుతది, నన్ను చూస్తే ఏడుస్తది. మీరేం చేస్తున్నరో నాకు చెప్పున్రి.”

ఆమె థర్మామీటర్ తుడిచి పక్కన పెట్టింది. “నేనేం చేస్తలేనక్కా. ఇయ్యాల చేయి మీతోని పట్టించుడు మాదే తప్పు. అది మేం చేసే పని. మల్లసారి తల దిక్కు కూసోన్రి, మీ మొకం కనవడాలె. నొప్పి కాదని మాత్రం చెప్పకున్రి. నొప్పి అయితది అనే చెప్పున్రి.”

మరుసటిసారి అలాగే చేశాను. స్టూలు లాక్కుని తల దగ్గర కూర్చుని, నా చెంప మను చెంపకు ఆనించాను. నొప్పి అవుతుంది బిడ్డా, జరసేపట్లో అయిపోతుంది అని చెప్పాను. మను బాగా ఏడ్చింది. కానీ అయిపోయాక రెండు చేతులూ నా మెడకు వేసింది. నేను బిడ్డ భుజం మీదుగా రూతు వైపు చూశాను, చూశావా అన్నట్టు. ఆమె నన్ను చూడనే లేదు, వాడిన సూదులు డబ్బాలో వేస్తోంది.

జ్వరం దిగింది, వాపు నెమ్మదిగా తీసింది. తర్వాత కూడా రిలాప్స్‌లు వచ్చాయి. హైదరాబాద్ తీసుకెళ్లి బయాప్సీ చేయించాం, మందు మార్చారు, స్టెరాయిడ్ కొంచెం కొంచెంగా తగ్గిస్తున్నారు. ఇప్పుడు మను మూడో తరగతి. రోజూ పొద్దున యూరిన్‌లో పరీక్ష పట్టీ ముంచి రంగు చూడటం మా ఇంట్లో పళ్లు తోముకోవడం లాంటి పనైంది. పసుపుగా ఉంటే టిఫిన్, ఆకుపచ్చగా మారితే డాక్టరుకు ఫోను. మొన్నటి వానాకాలంలో ఒకసారి మారింది, తొందరగానే తగ్గింది.

రజిత అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. అమూల్యకు ఆ తర్వాత రిలాప్స్ రాలేదు. ఆ మాట విన్న ప్రతిసారీ సంతోషమని చెబుతాను, ఫోన్ పెట్టాక కాసేపు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు. రూతు చదువు పూర్తయి వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తోంది. ఆమె ఫోన్ వస్తే మను నా చేతిలోంచి లాక్కుని లోపలి గదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసుకుంటుంది. ఏం మాట్లాడుకుంటారో నాకు చెప్పదు.

ఈ దారిలో ఉన్న తల్లిదండ్రులకు నేను చెప్పేది ఒక్కటే. పిల్లలకు సూది పెట్టేటప్పుడు మేం లోపలికి రావచ్చా అని ముందే అడగండి. రానిస్తే చేయీ కాలూ పట్టుకునే పని వాళ్లకు వదిలేసి, పిల్లల తల దగ్గర ముఖం కనిపించేలా కూర్చోండి. చూడలేమనిపిస్తే బయటే ఉండండి, అదీ తప్పు కాదు. కానీ తలుపు తెరవగానే మొదట ఎత్తుకునేది మేమేనని సిస్టర్‌కు చెప్పి పెట్టుకోండి.