మాట అందించకూడదు

మా బావకి పక్షవాతం వచ్చి తగ్గింది. కుడిచెయ్యి చాలావరకు తిరిగొచ్చింది, కాలు పూర్తిగా వచ్చింది. మాట ఒక్కటే దారిలో ఎక్కడో దిగిపోయింది.

బావ అంటే నిజం బావ కాదు. జర్మనీలో, ఎర్లాంగెన్ ఊళ్ళో, ఒకే కంపెనీలో, ఒకే గదిలో, ఎదురెదురు బల్లల దగ్గర కూర్చుని మేమిద్దరం జుట్టు నెరిపించుకున్నాం. వాడిది తణుకు, నాది కాకినాడ. పరాయిదేశంలో గోదావరి జిల్లావాళ్ళు ఎదురుపడితే వరస కలవకుండా ఉంటుందా? వాడు బావ అయ్యాడు కాబట్టి వాళ్ళావిడ నాకు చెల్లెమ్మ అయింది. నేను ఏం చెప్పినా అబద్ధమని తేల్చడం వాడి జీవితాశయం. నేను గాలి పోగుచేసి గోపురం కడుతుంటే వాడు కింద సూది పట్టుకుని నిలబడేవాడు.

అలాంటివాడికి మిగిలింది ఒకే ఒక్క మాట. అదీ జర్మన్ మాట: డోఖ్. ఎదుటివాడు ‘కాదు’ అన్నప్పుడు ‘ఎందుక్కాదూ!’ అని తగువుకి దిగడానికి ఇక్కడివాళ్ళు వాడతారు. వాడికొచ్చిన మూడు భాషల్లోంచి ఏరి ఏరి దేవుడు ఆ తగువులమారి మాటనే ఉంచాడు. కాఫీ కావాలా అంటే డోఖ్. వద్దా అంటే డోఖ్. చెల్లెమ్మ మొదట్లో నవ్వింది. పోనుపోను నవ్వడం మానేసింది.

“తెలుగులో నాతో ఒక్క మాటంటే చాలన్నయ్యా. తిట్టినా సరే” అంది ఒకరోజు నన్ను గుమ్మం దాకా సాగనంపుతూ. “అమ్మాయి ఫోన్ చేసి నాన్న ఎలా ఉన్నాడని జర్మన్‌లోనే అడుగుతుంది. ఈ ఇంట్లో నాకు తెలుగంటే ఈయనే కదా.”

మాట నేర్పే థెరపిస్టు ఏ భరోసా ఇవ్వలేదు. రావచ్చు, రాకపోవచ్చు అంది. మన ఆసుపత్రిలోనే ఇలాంటివాళ్ళు కలుసుకునే గ్రూపు ఒకటుంది, వెళ్ళి చూడండి అంది. డాక్టరు ఉండడు, మందు ఉండదు, ఒకే దెబ్బ తిన్నవాళ్ళు ఒకరికొకరు తోడు. దాన్ని సెల్బ్స్ట్‌హిల్ఫెగ్రుప్పె అంటారు. మాట పోయినవాళ్ళ గ్రూపుకి మాట ఉన్నవాడికే నోరు తిరగని పేరు పెట్టడం ఈ దేశానికే చెల్లింది.

ఆసుపత్రి కింది అంతస్తులో, క్యాంటీన్ పక్కగదిలో సమావేశం. బల్ల మీద ఆపిల్ కేకు, ఫ్లాస్కులో కాఫీ. నడిపించేది ఒక రిటైరైన లెక్కల టీచరు. ఆవిడకీ ఒకప్పుడు మాట పోయి, మళ్ళీ వచ్చిందట. ఒక్కో పదాన్ని త్రాసులో వేసి తూచినట్టు మాట్లాడుతుంది.

“ఇక్కడ... నియమం... ఒక్కటే. ఎవరైనా మాట... వెతుక్కుంటుంటే... పక్కవాళ్ళు... అందించకూడదు.”

తెలుగువాడికి ఇంతకన్నా కఠినశిక్ష ఉంటుందా? మనం పుట్టిందే ఎదుటివాడి వాక్యం పూర్తిచేయడానికి. ఒకడు ‘నిన్న మా అల్లుడు’ అనేలోపు రెండోవాడు అల్లుణ్ణి తెచ్చి, భోజనం పెట్టి, రైలెక్కించి పంపేస్తాడు. ఆవిడ చెబుతూ ఆగిన ప్రతిచోటా నా నోట్లో తర్వాతి మాట చెప్పులేసుకుని సిద్ధంగా నిలబడింది. చెల్లెమ్మ బల్ల కింద నా కాలు తొక్కింది.

ముందుగా ఒక పెద్దాయన లేచాడు. “నేను... నడిపింది... పెద్దది... చక్రాలు... జనం ఎక్కుతారు...” అని వెతుక్కుంటున్నాడు. బస్సు, బస్సు అని నా గొంతులో హారన్ మోగుతోంది. గదిలో అందరూ కప్పులు పట్టుకుని, ఏ తొందరా లేకుండా, వానకోసం చూసే రైతుల్లా కూర్చున్నారు.

“బస్!” అన్నాడాయన చివరికి.

అందరూ వేలికణుపులతో బల్లమీద టకటకా కొట్టారు. ఇక్కడ మెచ్చుకోలు అలా చెబుతారు. ఆ ఒక్క మాటకి నేను ఊగిపోయాను. క్రికెట్లో ఆఖరి బంతి సిక్సర్ చూసినా నేనంత ఊగిపోలేదు.

మా బావ వంతు వచ్చింది. వాడు లేచి “డోఖ్” అని కూర్చున్నాడు. దానికీ బల్ల మోగింది. టీచరు నావైపు తిరిగి, మీ స్నేహితుడి గురించి ఏమైనా చెప్పండి అంది. ఆకలిగా ఉన్నవాడికి విస్తరేసి ఇక చాలనకపోతే ఎలా ఉంటుందో అలా అయింది నా పని.

“మేమిద్దరం న్యూరెంబర్గ్‌నుంచి సైకిలు మీద బియ్యం బస్తా తెస్తున్నాం” అని జర్మన్‌లో మొదలెట్టాను. “తొక్కేది నేను. వెనక క్యారియర్ మీద ఇతను, ఇతని ఒళ్ళో బస్తా. బస్తా చిరిగి బియ్యం కారుతుంటే ఊళ్ళో పావురాలన్నీ వెంటపడ్డాయి. వాటి రెక్కల గాలికి సైకిలు ఎంత వేగం అందుకుందంటే, రోడ్డుపక్క స్పీడు కెమెరా టప్పుమని ఫోటో తీసింది! జరిమానా ఇంటికొచ్చింది. ఫోటోలో నా భుజం మీద పావురం కూడా ఉంది.”

ఎవరూ నవ్వలేదు. బస్సాయన ముందుకి వంగి, “హెల్మెట్... పెట్టుకున్నారా?” అని అడిగాడు.

“నేనా, పావురమా?” అన్నాను.

అప్పుడు పేలింది మా బావ ఎడమచెయ్యి, బల్ల మీద. మొహం కందగడ్డలా ఉంది. అసలు సంగతేమిటంటే ఆరోజు తొక్కిందంతా వాడు. క్యారియర్ మీద బస్తా పట్టుకుని పాటలు పాడింది నేను.

“కో...” అన్నాడు.

టీచరు చెయ్యెత్తి అందర్నీ ఆపింది.

“కో... కో...”

జర్మన్‌లో కోల్ అంటే క్యాబేజీ, కోఫర్ అంటే సూట్‌కేసు. బస్సాయన పెదాలు కదులుతున్నాయి, ఆయన కచ్చితంగా సూట్‌కేసు దగ్గరున్నాడు. నాకు మాత్రం ఆ మాట తెలుసు. ఎన్నేళ్ళుగానో ఆ మాటతోనే నన్ను చెండాడాడు! చెల్లెమ్మకీ తెలుసు. స్కార్ఫు చివర నోట్లో కుక్కుకుని కళ్ళు ఇంతింత చేసుకుని చూస్తోంది. నేను పళ్ళు బిగబట్టాను. మాట నా నాలుక చివర కప్పగంతులేస్తోంది. రారా బావా, రా, ఇంకొక్క అడుగు!

“కో... త...” వాడి మెడ నరాలు పొంగాయి. “కోతలు! అన్నీ... కోతలు!”

బల్ల విరుగుతుందేమో అన్నంతగా కొట్టారు. నేనయితే కుర్చీకూడా కొట్టాను. లోకంలో ఎవడైనా తనని అబద్ధాలకోరన్నందుకు గంతులేశాడా? నేను వేశాను.

“అర్థం... ఏమిటి?” అంది టీచరు.

సంబరంలో నాలుక జారి, “కోయడం” అని జర్మన్‌లో చెప్పేశాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. కేకు కోసే కత్తి తెచ్చి భక్తిగా మా బావ చేతిలో పెట్టింది. అయ్యో అదికాదు అని నేను విప్పి చెప్పేలోపు వాడు కత్తిని చూశాడు, నన్ను చూశాడు, పకపకా నవ్వాడు. తర్వాత ఎడమచేత్తోనే వంకరటింకరగా కేకంతా కోసి, గదిలో అందరికీ పంచి, నాకు మాత్రం పెట్టలేదు.

బయటికి రాగానే చెల్లెమ్మ నా చొక్కా పట్టుకుంది. “అన్నయ్యా, ఇంకోటి చెప్పండి. ఇంతకన్నా పెద్దది!”

ఇక ఆపమని నాతో చాలామంది అన్నారు. చెప్పమని ఒకరు వేడుకోవడం అదే మొదలు. కారులో వెనక సీట్లో కూర్చుని పందిళ్ళు పందిళ్ళుగా అల్లాను. ముందు సీట్లో బావ నవ్వుతున్నాడే గాని నోరు విప్పడు. కారు నడుపుతున్న చెల్లెమ్మ మొహం అద్దంలో మెల్లగా వాడుతోంది. వచ్చింది నాకోసం వచ్చిన మాట. ఆమె కోసం ఇంకా ఏదీ రాలేదు.

నాలుగురోడ్ల కూడలిలో ఎర్రలైటు పడి ఆగాం. కాసేపటికి లైటు మారింది. బావ వేలు పైకెత్తి చూపిస్తూ ఆమె వైపు తిరిగాడు.

“ప...”

చెల్లెమ్మ కాలు బ్రేకు మీదే ఉండిపోయింది. వెనక కారువాడు హారన్ కొట్టాడు. ఆమె కదల్లేదు. నేను రెండు చేతులతో నోరు మూసుకున్నాను.

“ప... ప...”

హారన్లు రెండయ్యాయి, మూడయ్యాయి. లైటు పసుపుకి తిరిగి, ఎరుపైంది.

“ఏమే... పచ్చ!” అన్నాడు బావ.

వెనకవాడు హారన్ మీదే కూర్చున్నాడు. చెల్లెమ్మ కిటికీ అద్దం దించి, సగం బయటికి వంగి, వాడికి తెలుగు రాదన్న ధ్యాసైనా లేకుండా అరిచింది:

“ఉండవయ్యా! మావారు నాతో మాట్లాడుతున్నారు!”