న్యూట్రల్‌కు కట్టిన తీగ

దెయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే నేను లేచి టీకి పోయేవాణ్ని. భయమై కాదు, విసుగై. రాయచూరులో ముప్పై ఏళ్లుగా ఆంప్లిఫయర్లు బాగుచేస్తున్నాను. స్పీకర్‌లో వచ్చే ప్రతి శబ్దానికీ కారణం ఉంటుందని నమ్మి బతికినవాణ్ని. సన్నగా బుస్సుమంటే ఇన్‌పుట్‌లో రెసిస్టరో ట్రాన్సిస్టరో పాడైంది. చిటపటమంటే సాల్డరింగ్ వదులైంది. గుర్రుమంటే చుట్టుపక్కల తీగల్లోని కరెంటు మైకు వైరులోకి దూరుతోంది. ఇందులో దెయ్యానికి చోటెక్కడిది?

ఈ విద్య నేర్పింది మా ఉస్తాద్ ఖాదర్ సాబ్. ఇన్‌పుట్ పనిచేస్తోందో లేదో చూడాలంటే మా పనివాళ్లంతా తడి వేలు దాని మొనకు ఆనిస్తాం. చుట్టూ ఉన్న కరెంటు గుర్రును మన ఒళ్లే పట్టి లోపలికి పంపుతుంది. స్పీకర్ గుర్రుమంటే అంతా బాగున్నట్టు. ఉస్తాద్ వేలికి ఒక వరస ఉండేది. రెండుసార్లు పొట్టిగా, మూడోసారి పొడుగ్గా. గుర్, గుర్, గుర్ర్‌ర్. వెనక గదిలో ఉన్నా బల్ల దగ్గర కూర్చున్నది ఆయనే అని నాకు తెలిసిపోయేది.

మా ఇద్దరికీ చెడింది ఒక తీగ దగ్గర. పెళ్లిళ్లలో గుర్రు తొందరగా ఆగాలని నేను, నేలలో ఎర్తు కడ్డీ దింపే బదులు, ఆంప్లిఫయర్ డబ్బాకు తీగ కట్టి, రెండో కొస బోర్డులో కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్‌ తీగకు తగిలించేవాణ్ని. ఒకసారి ఆయన చూశాడు.

“న్యూట్రల్ ఎర్తు కాదురా. కరెంటు కంబం కాడ అది తెగిందనుకో, డబ్బాకు, మైకుకు అంతా కరెంటే. ఎవరినో ఒకరిని సంపుతవ్ నువ్వు,” అన్నాడు.

“మీ కాలం పోయింది సాబ్,” అన్నాను.

ఆ తర్వాత ఆయన నాతో మాట్లాడలేదు. కొన్నాళ్లకు చనిపోయాడు. జనాజాకు వెళ్లాను గానీ, మాఫీ అడగడానికి అప్పటికే ఆలస్యమైపోయింది.

ఆయన పోయిన ఎనిమిది నెలలకు దేవసూగూరు దగ్గర ఒక పల్లె బడిలో కొత్త గదుల ప్రారంభానికి మైకు పెట్టాను. ఎదురుగా కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు. పొగ మాకు, కరెంటు బెంగళూరుకు అని అక్కడివాళ్లు ఎకసెక్కమాడతారు. ప్రార్థన పాడటానికి నా బిడ్డ సుజాతను వెంట తీసుకెళ్లాను. తొమ్మిదేళ్లది. వారం నుంచి ఇంట్లో గరిటె మైకులా పట్టుకుని అదే పాట.

మైకు వేయగానే గుర్రు మొదలైంది. హెడ్మాస్టరు నా నెత్తి మీదే నిలబడ్డాడు.

“ఏందయ్యా గీ తకరారు? ఆఫీసర్ సాబులు వచ్చే యాళ్లయింది,” అన్నాడు.

గుంత తవ్వి ఎర్తు వేసే ఓపిక లేక తీగను న్యూట్రల్‌కే తగిలించాను. గుర్రు ఆగింది. గెలిచినట్టే అనిపించింది, సిగ్గు విడిచి చెబుతున్నాను.

అయిదు నిమిషాలకు కరెంటు పోయింది. ఎదురుగా ఉన్న పిండి గిర్నీ కూడా ఆగిపోయింది. ఆంప్లిఫయర్ దానంతటదే బ్యాటరీ మీదికి మారింది. ఇంకేం, పాడమని సుజాతను పంపాను. అప్పుడే కడిగిన బండల మీద, ఉత్త కాళ్లతో, ఇనుప మైకు స్టాండు వైపు నడిచింది.

స్పీకర్‌లో గుర్, గుర్, గుర్ర్‌ర్.

ఊళ్లో కరెంటు లేదు. బ్యాటరీకి ఆ గుర్రు ఉండదు. మైకు పిన్ను గట్టిగానే ఉంది, దాని మీద ఎవరి చెయ్యీ లేదు. చూస్తుండగానే మళ్లీ అదే వరస. బిడ్డ చెయ్యి స్టాండుకు జానెడు దూరంలో ఉంది.

ఉరికి దాని రెక్క పట్టి వెనక్కి లాగాను.

“నేను పాడొద్దా నాయినా?” అంది ఏడుపు గొంతుతో.

“జర ఆగు బిడ్డా,” అన్నాను. ఎందుకు ఆగాలో నాకే తెలియదు.

అప్పుడు గిర్నీ మోటారు మొదలైంది. అంటే కరెంటు వచ్చింది. బడిలో మాత్రం బల్బు వెలగలేదు, ఫ్యాను తిరగలేదు. జేబులోంచి టెస్టర్ తీసి మైకు స్టాండుకు ఆనించాను. ఎర్రగా వెలిగింది.

మెయిన్ ఆపించి లైన్‌మన్‌ను పిలిపించాం. బడికి వచ్చే న్యూట్రల్ తీగ కంబం దగ్గర కాలి తెగిపోయిందని చెప్పాడు. ఉస్తాద్ ఏది చెప్పాడో అదే జరిగింది. అందులో వింతేమీ లేదు.

నాకు అంతుపట్టనిది ఆ శబ్దం. కరెంటు ముందే వచ్చి, తెగిన తీగ ఊగుతూ గుర్రుమనిపించిందేమోనని నాకు నేనే వాదించుకున్నాను. గిర్నీ నడిపే ఆయన్ను అడిగాను.

“లైటు వెలగంగనే మోటరేసిన. దానికి ముందుగాల మినుకుమన్నది గూడ లేదు,” అన్నాడు.

ఆ రోజు గుంత తవ్వి, కడ్డీ దిగ్గొట్టి, ఉప్పునీళ్లు పోశాకే సుజాత పాడింది. నేను స్పీకర్ వెనక కూర్చుని ఏడ్చాను.

ఆ ఆంప్లిఫయర్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. కరెంటు పోయినప్పుడల్లా బ్యాటరీకి తగిలించి, తడి వేలితో ఇన్‌పుట్ మీద ఆయన వరసే వేసి చూస్తాను. టక్, టక్, టక్. అంతే. గుర్రుమనదు, అనకూడదు కూడా. ఆ రోజు ఎలా అందో నాకు ఇప్పటికీ తెలియదు. వేలు తియ్యకుండానే, “మాఫ్ చెయ్యిండ్రి సాబ్,” అంటాను.