పెద్దాయన కుడిచెయ్యి

ఆయన చెయ్యి తిరిగిన మనిషి. బస్టాండు ఎదుటి సెలూన్‌లో ముప్పై ఏళ్ళు కత్తి పట్టి, ఒక్క గడ్డం మీదా గాటు పడనివ్వలేదని పేరు. చిన్నా పెద్దా అందరూ ఆయన్ని పెద్దాయనే అంటారు. అలాంటి మనిషికి పార్కిన్‌సన్స్ జబ్బు పట్టుకుంది.

మొదట్లో మాత్రలు బాగానే పనిచేశాయి. ఏళ్ళు గడిచేకొద్దీ కథ తిరగబడింది. మాత్ర ప్రభావం దిగిపోతే ఒళ్ళు కొయ్యబారేది. ఎక్కితే కుడిచెయ్యీ కుడికాలూ వాటంతటవే మెలికలు తిరిగేవి. ఓరోజు సబ్బునురగ గిన్నె ఎగిరి ఒకాయన ఒళ్ళో పడింది. ఆయన పల్లెత్తు మాట అనలేదు. అదే పెద్దాయనకు గుచ్చుకుంది. మర్నాడే కత్తెర మేనకోడలి చేతిలో పెట్టి, తను షాపులో వచ్చినవాళ్ళు కూర్చునే బెంచీ ఎక్కాడు.

నాలుగేళ్ళ తర్వాత డాక్టరమ్మ కొత్త వైద్యం సంగతి చెప్పింది.

"కోతా కుట్లూ ఉండవు. శబ్ద తరంగాల్ని బయటినుంచే మెదడులో ఒక్క చుక్క మీదికి గురిపెట్టి, ఆ చుక్కని వేడితో మాడ్చేస్తాం. జబ్బు పోదు. కుడివైపు మెలికలు తగ్గొచ్చు. మాటకో నడకకో తేడా చేసే ప్రమాదమూ ఉంది. ఆలోచించుకోండి."

"నాలుగేళ్ళుగా బెంచీ మీద నాకు అదే పని కదమ్మా. కానివ్వండి."

తల నున్నగా గొరగాలన్నారు. మిషను పట్టుకొచ్చిన ఆస్పత్రి మనిషిని చూసి, "నీకూ నాకూ కుదరదులే నాయనా" అని మేనకోడల్ని పిలిపించాడు.

"వెనకాల సుడి ఉంది, ఎదురు లాగకు."

"నువ్వు కదలకుండా కూర్చో మామయ్యా, చాలు."

"కదలకుండా కూర్చోగలిగితే ఇక్కడికెందుకొస్తానే?"

నవ్వాపుకోలేక ఆమె కాసేపు కత్తి పక్కన పెట్టాల్సొచ్చింది.

తలకు చట్రం బిగించి, చల్లటి నీళ్ళు తిరిగే టోపీలాంటిది తొడిగి, స్కానింగు సొరంగంలోకి పంపారు. మత్తు లేదు, మెలకువే. తరంగాలు పంపిన ప్రతి విడత తర్వాతా అట్ట మీద నత్తగుల్లలా చుట్టలు గీయమన్నారు. మొదటిది కోడి కెలికినట్టుంది. మూడో విడతకి తలలో మంట పుట్టింది. పళ్ళు బిగబట్టాడు. ఆరో విడత అయ్యాక చూస్తే కుడిచెయ్యి ఛాతీ మీద ఊరికే పడి ఉంది. చచ్చుబడిందేమోనని హడలిపోయి వేళ్ళు ఆడించాడు. ఆడాయి. ఆపాడు. ఆగాయి.

"ఇది నా చెయ్యేనా డాక్టరమ్మా?"

"మీదే. గీయండి."

గీశాడు. గీత మీద గీత పడకుండా చుట్ట చక్కగా వచ్చింది. చట్రం బిగించి ఉండటంతో కళ్ళు తుడుచుకోవడానికి వీల్లేక, నీళ్ళు చెవుల్లోకి కారాయి.

మాత్రలు మానలేదు. ఎడమచెయ్యి ఇంకా కాస్త వణుకుతూనే ఉంది. అయినా రెండు నెలలపాటు మేనకోడలి మొగుడి గడ్డం మీద సాధన చేశాడు. పాపం, ఆ గడ్డానికి మొలిచే తీరికే లేకపోయింది.

ఓ ఆదివారం పెద్దాయన తెల్లకోటు తొడుక్కుని, ఖాళీ కుర్చీ దులిపి నిలబడ్డాడు. బెంచీ నిండా తెలిసినవాళ్ళే. అందరికీ ఉన్నట్టుండి పేపరు మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఒక్కరూ లేవలేదు. అంతలో బస్సు దిగిన కొత్త మనిషి గబగబా వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"ఇంకో బస్సు అందుకోవాలండీ. గడ్డం త్వరగా అవుతుందా?"

పెద్దాయన నురగ పట్టించాడు. వణికే ఎడమచేతిని కుర్చీ వీపుకి ఆనించి, కత్తి దించాడు. పేపర్లు కిందికి దిగాయి. చెవి పక్కనుంచి దవడ మీదుగా గొంతు మడత దాకా కత్తి జారింది. ఎక్కడా తడబడలేదు. ఆ మనిషి చెంపలు తడుముకుని, "బాగా చేశారు" అంటూ బస్సుకి పరిగెత్తాడు. షాపులో అంతమంది తన గడ్డం కేసి ఎందుకు చూశారో అతనికి తెలియదు.

పెద్దాయన తువ్వాలు దులిపాడు. "తర్వాత ఎవరు?"

ముగ్గురు ఒకేసారి లేచారు.