నాలుగు పళ్లకు ఇరవై ఎనిమిది

నీలమ్మకు ముప్పై తొమ్మిదేళ్లు. ఆమె అక్క సత్తెమ్మకు నలభై అయిదు. పోలీసు యాక్షన్ అయిన మరుసటి మాఘంలో అక్కాచెల్లెళ్లిద్దరూ మణికొండలో మేనకోడలి పెళ్లికి వెళ్లారు. మగపెళ్లివారి పెద్దమనిషి ఒకాయన సత్తెమ్మను పిలిచి, నీలమ్మను చూపిస్తూ, "బిడ్డా, మీ అమ్మకు కాళ్లు గుంజుతున్నట్టున్నయి, జర గా మంచం మీద కూసోబెట్టు" అన్నాడు.

చుట్టూ ఉన్న ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నీలమ్మ భర్త రాజయ్య కూడా నవ్వాడు. పరాయివాడి మాట కన్నా ఆ నవ్వే ఆమెను ఎక్కువ మండించింది.

"నేను ఆమె తల్లిని గాదు, చెల్లెను!" అని అరిచింది నీలమ్మ. అరవడంతో కట్టుడుపళ్ల కింది సెట్టు లేచి పై సెట్టుకు టక్కున కొట్టుకుంది. ఆ చప్పుడుకు పిల్లలు కూడా నవ్వారు. ఆమె విస్తరి ముందు కూర్చోకుండానే ఖాజాగూడకు నడిచి వచ్చేసింది.

ఇంటికి వచ్చి అద్దం తీసుకుంది. గడ్డం ముందుకు పొడుచుకొచ్చి ముక్కు దగ్గరకు చేరింది. పెదవులు సన్నగా లోపలికి పోయాయి. నోటి రెండు మూలలా చర్మం మడతపడి ఎప్పుడూ తడిగా, పుండుగా ఉంటుంది. నుదురు, కళ్లు మాత్రం ఆమెవే. ఆ కళ్ల కింద ఎవరో డెబ్బై ఏళ్ల మనిషి మొహం తెచ్చి అతికించినట్టుంది. తల్లి డెబ్బై నాలుగేళ్లకు పోయింది. పోయేనాటికి ఆమె మొహం కూడా ఇలా లేదు.

ఇదంతా పన్నెండేళ్ల కింద మొదలైంది. అప్పుడు నీలమ్మ గుట్టల్లో సీతాఫలాలు తెంపుకుని, గోల్కొండ మీదుగా నడిచి బేగంబజారు దాకా వెళ్లి అమ్మేది. చిగుళ్ల నుంచి రక్తం కారుతుంటే, నాలుగు పళ్లు కదులుతుంటే, బజారులో పళ్లు కట్టే బాలనర్సయ్య దుకాణానికి పోయింది. బొంబాయిలో పని నేర్చుకున్నానని చెప్పుకునేవాడు. నోట్లోకి చూసి, "నాలుగు ఖరాబైనయంటే కడమయి గూడ ఖరాబైతయి. అన్నీ తీసేసి కొత్తయి పెడత. నువ్వు నాకేమియ్యొద్దు. నెల రోజులు నా దుకాణం ముందల కూసొని నవ్వితె చాలు" అన్నాడు.

ఉచితంగా ముత్యాల్లాంటి పళ్లు వస్తాయంటే ఏ పేదది కాదంటుంది? నాలుగు రోజుల్లో ఇరవై ఎనిమిది పళ్లు పీకాడు. అందులో ఇరవై నాలుగు రాయిలా ఉన్నవే. ఒక్కొక్కదాన్ని పీకడానికి ఆమె ఛాతీ మీద మోకాలు ఆనించాల్సి వచ్చింది. పుండ్లు మానాక ఎర్ర రబ్బరు చిగుళ్లతో సెట్టు తొడిగాడు. నెల రోజులు గడప పక్కన కుర్చీలో కూర్చోబెట్టాడు. దారిన పోయేవాళ్లు ఆగి చూసేవారు. ఆమె నవ్వేది.

రెండు మూడేళ్లు బాగానే గడిచింది. తర్వాత సెట్టు వదులైంది. కింద దూది పెట్టుకుంది. దూది చాలక గుడ్డపీలిక పెట్టుకుంది. జొన్నరొట్టె కొరకడం మానేసి, మజ్జిగలో నానేసి మింగడం మొదలుపెట్టింది. తన నోరే సరిగ్గా లేదేమో, తనకే పెట్టుకోవడం రాదేమో అనుకుంది. అన్నేళ్లూ తప్పు తనదే అనుకుంది.

మేనకోడలి పెళ్లి అయిన నాలుగో రోజు నీలమ్మ పట్నంలో సర్కారు దవాఖానకు వెళ్లింది. పళ్ల డాక్టరు మద్రాసులో చదివిన కుర్రవాడు, కోస్తా మనిషి. సెట్టు తీయించి, ఆమె చూపుడువేలినే కింది దవడ మీద పెట్టించాడు.

"ఇక్కడ ఏం తగులుతోందమ్మా?"

"సన్నగ, కొడవలి వాదర లెక్క ఉన్నది సారూ."

"ఒకప్పుడు ఇది మీ బొటనవేలంత మందంగా ఉండేది. పన్ను ఉన్నంతకాలమే ఆ ఎముక నిలుస్తుందండి. పన్ను తీసేస్తే ఏటేటా కరుగుతుంది. కింది దవడ మరీ త్వరగా కరుగుతుంది. ఎముక తగ్గితే గడ్డం పైకి లేస్తుంది, పెదవులు లోపలికి పోతాయి. సెట్టు కొలత నాలుగైదేళ్లకోసారి మార్చాలి. పడుకునేటప్పుడు తీసెయ్యాలి. ఇవేవీ మీకు చెప్పలేదా?"

"ఎవ్వలు చెప్పలె."

"అసలు ఎన్ని పళ్లు పాడయ్యాయి?"

"నాలుగు."

డాక్టరు తల దించుకుని చేతులు కడుక్కోవడానికి లేచాడు.

"ఎముక మల్ల పెరుగుతదా సారూ?" అని వెనక నుంచి అడిగింది.

"పెరగదమ్మా. కొత్త కొలతతో సెట్టు చేస్తాను. మొహం కొంచెం లేస్తుంది. పోయిన ఎముకను మాత్రం ఎవరూ తేలేరు."

నీలమ్మ అక్కడ ఏడవలేదు. నేరుగా బేగంబజారుకు నడిచింది.

బాలనర్సయ్య ఆమెను గుర్తుపట్టలేదు. "ఏమవ్వా, పళ్లు గావాల్నా?" అన్నాడు. కుర్చీలో పాతికేళ్ల పిల్ల ఒకతె నోరు తెరుచుకుని కూర్చుంది. గోడ మీద అద్దం కట్టిన పటం వేలాడుతోంది. పటంలో పన్నెండేళ్ల కిందటి నీలమ్మ నవ్వుతోంది, నిండు బుగ్గలతో. కుర్చీలో కూర్చోబెట్టిన ఆ నెలలో అతను ఫొటో తీయించిన సంగతి ఆమెకు జ్ఞాపకం వచ్చింది. ఇన్నేళ్లుగా తన మొహం పెట్టి ఇతను గిరాకీలను రప్పించుకుంటున్నాడన్న సంగతి ఇప్పుడే తెలిసింది.

ఆమె చెయ్యెత్తి పటం దించింది.

"ఏయ్, ఏంది గది? పెట్టెయ్!"

"నా మొఖం నేను దీస్కుంటున్న. నేను నీలమ్మను. ఖాజాగూడ నీలమ్మను."

బాలనర్సయ్య ఆమెను, పటాన్ని మార్చి మార్చి చూశాడు. "వయసు మీద పడ్డది. నేనేం జెయ్యాలె?"

"మా అక్క నా కంటె ఆరేండ్లు పెద్దది. ఆమె మీద పడలేదేంది వయసు?" అని కుర్చీలో ఉన్న పిల్ల వైపు తిరిగింది. "నీ పేరేంది బిడ్డా?"

"రుక్కమ్మ."

"ఎన్ని పళ్లు కదులుతున్నయి?"

"మూడు. అన్నీ తీయాలంటున్నడు."

నీలమ్మ నోట్లోంచి రెండు సెట్లూ తీసి అరచేతిలో పెట్టుకుంది. మొహం ఒక్కసారిగా ముడుచుకుపోయింది. పటాన్ని చెంప పక్కన పట్టుకుని నిలబడింది. రుక్కమ్మ కుర్చీలోంచి లేచింది. గడప దగ్గర నలుగురు పోగయ్యారు.

"నేను నీకు పళ్లు ధర్మానికి పెట్టిన! నా దుకాణంల నన్నే బద్నాం జేస్తవా?" అన్నాడు బాలనర్సయ్య.

నీలమ్మ సెట్లు మళ్లీ తొడుక్కుని అడిగింది: "ధర్మమా? నెల రోజులు బొమ్మ లెక్క కూసోబెట్టినవ్. ఎముక కరుగుతదని నీకు ఎరుకనా, లేదా? గదొక్కటి చెప్పు."

అతను కోపంలో అనేశాడు: "ఎరుకే! గది చెప్తే ఈ కుర్చీల ఎవ్వడు కూసుంటడు?"

గడప దగ్గర ఉన్నవాళ్లు ఆ మాట విన్నారు. అనేశాక గానీ తానేమన్నాడో అతనికి తెలియలేదు. రుక్కమ్మ చెప్పులు తొడుక్కుంది. నీలమ్మ ఆమెకు దవాఖాన దారి చెప్పి, పటం చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.

అక్కడితో ఊరుకోలేదు. పట్నానికి వెళ్లిన ప్రతిసారీ గంట సేపు ఆ దుకాణం ఎదుట నిలబడేది. లోపలికి పోయే వాళ్లనల్లా, "ఎన్ని కదులుతున్నయి? గవ్వే తీయించుకో" అనేది. బాలనర్సయ్య తిట్టాడు, బతిమాలాడు, ఆమె మీద నీళ్లు చల్లించాడు. ఎండాకాలం వెళ్లేలోగా 'అన్ని పళ్లూ కొత్తవి' అని రాసిన బోర్డు తీసేశాడు. రాజయ్య ఒకరోజు, "అయిపోయింది, ఇగ ఇడిసిపెట్టు" అన్నాడు. "పోయింది నీ మొఖం గాదు. నువ్వు పెండ్లిల నవ్వినవ్, గది నేను మర్వలె" అంది నీలమ్మ. ఆ తర్వాత అతను ఆ మాట ఎత్తలేదు.

దవాఖాన సెట్టుతో గడ్డం కొంచెం దిగింది, నోటి మూలల పుండ్లు మానాయి. కింది సెట్టు మాత్రం ఎప్పుడూ కుదురుగా కూర్చోలేదు. దానికి కూర్చోడానికి ఎముక ఏది?

ఆ ఏడే సత్తెమ్మకు రెండు పళ్లు కదిలాయి. నీలమ్మ దగ్గరుండి దవాఖానకు తీసుకుపోయి, కుర్చీ పక్కనే నిలబడింది. పళ్లెంలో మొదటిది పడగానే "ఒకటి" అంది. రెండోది పడగానే "రెండు" అంది. డాక్టరు మూడోదాన్ని చూద్దామని అద్దం పుల్ల ఎత్తాడు.

"సారూ," అంది నీలమ్మ, "కదిలిచ్చి సూడు. కదలకుంటె ముట్టకు."

డాక్టరు కదిలించి చూశాడు. పన్ను కదల్లేదు. అద్దం పుల్ల పక్కన పెట్టి, సత్తెమ్మకు దూది అందించాడు.