బొంత నోరు

బొంతకు నోరూ కడుపూ ఉంటాయని మా అమ్మ నమ్మకం. పాత చీరలు, పంచెలు పొరలు పొరలుగా పరిచి, పైన రంగురంగుల గుడ్డముక్కలు అతికి, అంచు నుంచి లోపలికి చుట్టూ తిరుగుతూ కుట్టుకొస్తుంది. చివరికి ఒక మూల మాత్రం బెత్తెడు తెరిచి ఉంచుతుంది. అదే నోరు. అందులో చిటికెడు కొర్రలు వేసి, అప్పుడు కుట్టేస్తుంది. "కడుపు కాలేది మనిషికైనా బొంతకైనా ఒకటేప్పా. ఖాళీ కడుపుతో ఉండే బొంత ఎవురికి ఎచ్చగుంటాది?" అంటుంది.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. మొదటి కుట్టు ఎవరు వేస్తే నోరు కూడా వాళ్లే మూయాలి. మధ్యలో ఎవరు సాయం పట్టినా తప్పులేదు గానీ, మొదలుపెట్టిన చెయ్యి మూయని బొంతను మా ఇంట్లో పసిబిడ్డ కింద పరచరు. ఎందుకని అడిగితే అమ్మ దగ్గర జవాబు లేదు, అడిగినందుకు తిట్లు మాత్రం ఉంటాయి. ఒక ఏడు ఇంట్లో కొర్రలు లేవని మా చెల్లెలు తన బొంత నోట్లో గుప్పెడు వేరుశెనగ విత్తనాలు పోసి కుట్టింది. మా జిల్లాలో ఏది లేని ఇల్లయినా ఉంటుంది గానీ అవి లేని ఇల్లుండదు కదా. వారం తిరక్కుండా ఎలుకలు ఆ నోరు మళ్లీ తెరిచాయి. చెల్లెలికి ఇప్పుడు మనవళ్లున్నారు, అయినా ఇంట్లో ఎలుక కనబడితే ఆమెనే పిలుస్తాం.

మాది శింగనమల పక్క పల్లె. వాన పడిన ఏడు ఆడవాళ్లు చేన్లకు పోయేవాళ్లు, పడని ఏడు నీడ చూసుకుని బొంతలు కుట్టేవాళ్లు. మా ఇంట్లో బొంతలకు కరువు లేకపోవడానికి కారణం అదే. నేను బడి మానేసి అనంతపురం వచ్చి కుట్టుపని నేర్చుకున్నాను. ముప్పై ఐదేళ్లుగా ఇక్కడే ఒక సందులో నా దుకాణం. నా కుట్టు గీత గీసినట్టుంటుందని నలుగురూ అంటారు. నలుగురూ అనకపోతే నేనే అంటాను. పెళ్లికి పోతే నా చూపు వధూవరుల మొహాల కంటే ముందు పెళ్లికొడుకు చొక్కా భుజం మీద పడుతుంది. అక్కడ కుట్టు ముడత పడి ఉంటే నాకు ఆ పూట అన్నం సయించదు.

దుకాణంలో మిగిలిన ముక్కల్ని పారేయడం కూడా నాకు చేతకాదు. ఇంట్లో ఎవరికి ఏ శుభం జరిగినా నా చేతి కుట్టు ఒకటి వాళ్లకు చేరాల్సిందే. బిడ్డలకు కుళ్లాయిలు, చెల్లెలికి చేతిసంచి, అల్లుడి మోటారుసైకిలు సీటుకు తొడుగు, అమ్మకు మూడు అరల వక్కాకు సంచి, అన్నీ నేనే కుట్టాను. ఆ మాటకొస్తే నేను జన్మలో మొట్టమొదట కుట్టింది కూడా అమ్మకే, పని నేర్చుకునే రోజుల్లో ఒక ఆకుపచ్చ రవిక. ఎడమ చెయ్యి కుట్టు పాము పాకినట్టు వచ్చింది. అమ్మ దాన్ని వేసుకుని ఊళ్లో మూడు పెళ్లిళ్లకు పోయింది. నాకు పని బాగా వచ్చాక, సిగ్గేసి, ఇస్తే సరిచేస్తానన్నాను. "యాడ పెట్టినానో గెవనం లేదప్పా" అంది. ఎన్నిసార్లు అడిగినా అదే మాట చెప్పడంతో నేనూ మరిచిపోయాను.

కిందటేడు మా కూతురు తొలి కాన్పుకు ఇంటికి వచ్చింది. అప్పటికి అమ్మ మా దగ్గరికి వచ్చి ఆరేళ్లయింది. కంటి పొర తీయించాం గానీ, వెలుగు తప్ప సన్నని పని ఆమెకు ఆనదు. ఇంట్లో ఏ పని ముట్టుకోబోయినా మేమే లాక్కునేవాళ్లం. పొయ్యి దగ్గరికి వద్దన్నాం, బావి లేదు కాబట్టి కొళాయి దగ్గరికి వద్దన్నాం, చివరికి బియ్యంలో రాళ్లు ఏరడం కూడా మాన్పించాం. అలాంటి మనిషి, మనవరాలి కడుపు చూడగానే పెట్టె తెరిచి పాత గుడ్డలన్నీ వరండాలో కుప్ప పోసింది.

"బిడ్డను తొట్లో ఏసేనాటికి బొంత అయిపోవల్ల" అంది.

మా నాయన తెల్లపంచె అడుగుపొర. దాని మీద నా భార్య నూలుచీర, కూతురి బడి లంగా, నా దుకాణం ముక్కలు, ఇంకా ఏవేవో. సూదిలో దారం ఎక్కించడం అమ్మకు కుదరదు. అందుకని నేను రోజూ దుకాణానికి పోయే ముందు పది సూదులకు దారం ఎక్కించి, ఆ వక్కాకు సంచి మీద వరసగా గుచ్చి పోయేవాణ్ని. మధ్యాహ్నం అన్నానికి వచ్చేసరికి పదీ ఖాళీ అయ్యేవి. అమ్మ మొహం తోమిన చెంబులా ఉండేది. ఆమెను అలా చూసి ఎన్నేళ్లయిందో అని నాకు భలే సంతోషంగా ఉండేది.

"ఏమప్పా, సక్కంగా వస్తాండాదా?" అని అడిగేది.

"సక్కంగా వస్తాండాదమ్మా" అనేవాణ్ని.

వచ్చేది కాదు. పంచె అంచు పట్టుకుని బయలుదేరిన కుట్టు జానెడు పోయేలోగా పక్క ముక్క మీదికి ఎక్కేది, అక్కణ్నించి దిగి ఇంకెటో పోయేది. ఒక టాకా గోరంత, ఒక టాకా వేలంత. అది చూస్తుంటే నా చేతులు దురద పెట్టేవి. అమ్మ అన్నం తిని కునుకు తీసే గంటలో నేను బొంత పట్టుకుని కూర్చునేవాణ్ని. ఆమె కుట్టిన దాంట్లో మరీ వంకర పోయిన చోట బ్లేడుతో విప్పి, అదే దారం రంగుతో, చేత్తోనే, తిన్నగా కుట్టి మళ్లీ ఎక్కడిదక్కడ మడిచిపెట్టేవాణ్ని.

నా భార్య చూసి, "ఊరికే ఉండలేవా సామీ నువ్వు? అది అత్త బొంత, నీ గిరాకీ ప్యాంటు కాదు" అంది.

"బిడ్డ ఈపుకు గుచ్చుకుంటాదే" అన్నాను.

"మెత్తని నూలు కుట్టు యాడ గుచ్చుకుంటాది? నీ కంటికి గుచ్చుకుంటాంది, అంతే."

నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. పది రోజులు అలాగే చేశాను.

పదకొండో రోజు అన్నానికి వచ్చేసరికి అమ్మ బొంత మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుని ఉంది. కుట్టడం లేదు. బొటనవేలితో ఒక వరస మీద అటూ ఇటూ తడుముతోంది. కళ్లకు పోయిన చూపంతా ఆ వేలికి వచ్చిందని నాకు తట్టనే లేదు.

"ఇది నేను కుట్టింది కాదు కదప్పా?"

"నువ్వు కుట్టిందేమ్మా" అన్నాను.

"నువ్వేమన్నా ముట్టుకున్న్యావా?"

"లేదమ్మా."

మర్నాడు నేను వచ్చేసరికి పది సూదులూ గుచ్చినవి గుచ్చినట్టే ఉన్నాయి. ఆ మర్నాడూ అంతే. బొంత మడిచి పెట్టె మీద పెట్టేసింది. "ఇంక నా చెయ్యి పనికి రాదులే. నీకు చేతనయినట్ల నువ్వే కుట్టుకో" అంది. కోపంగా అన్నా బాగుండేది. మామూలుగా, అన్నం చాలు అన్నట్టు అంది.

ఆ తర్వాత వరండాలో గోడకు ఆనుకుని ఊరికే కూర్చునేది. కాన్పయింది, ఆడబిడ్డ. ముత్తవ్వ అయినందుకు మురిసిపోయింది, ఒళ్లో పెట్టుకుని పాట పాడింది, బిడ్డను ఇచ్చేశాక మళ్లీ గోడకు ఆనుకుంది. మా కూతురు పోయి, "అవ్వా, నా బొంత ఏమాయె?" అని గారం చేస్తే, "మీ నాయన పెద్ద టైలరు కదా, పూటకొకటి కుట్టిస్తాడు పో" అంది. నేను బతిమాలాను. బతిమాలితే వినకపోయేసరికి, నా నోరు మంచిది కాదు కదా, అరిచాను. ఆమె వినలేదు. మా ఇంట్లో మొండితనం ఎవరి వైపు నుంచి వచ్చిందో అప్పుడు అందరికీ తెలిసింది. ఆమె సూది పట్టకపోతే బొంత నోరు మూసేవాళ్లు లేరు, బిడ్డ కిందికి అది పోదు. అంతకంటే పెద్ద సంగతి, ఆమెకు మిగిలిన ఒక్క పనినీ నేనే లాక్కున్నాను. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడినట్టయింది నా పని.

తొట్లో వేయడానికి ఇంకా మూడు రోజులుందనగా, అమ్మ లోపల కునుకు తీస్తుంటే, ఎవరూ లేని సమయంలో బొంత కిందికి దించాను. కట్టుబాటు గిట్టుబాటు అని చూడకుండా నేనే మిగిలింది కుట్టి నోరు మూసేద్దామని నా ఆలోచన. మడతలన్నీ విప్పి వరండాలో పరిచాను. ఇన్నాళ్లూ కుట్లు చూశానే గానీ గుడ్డలు చూడలేదు. నోటి మూలకు పక్కనే అరచేయంత ఆకుపచ్చ ముక్క ఒకటి ఉంది. వెలిసిపోయింది. దాని నడిమధ్యగా ఒక పాత కుట్టు, పాము పాకినట్టు.

అది నేను అమ్మకు కుట్టిన రవిక చెయ్యి. నా మొదటి కుట్టు.

అమ్మ ఆ ముక్కను కుట్టుకు అటుపక్కనో ఇటుపక్కనో కత్తిరించుకోవచ్చు. గుడ్డ సాపుగా ఉండేది కూడా. అలా చేయలేదు. నా వంకర కుట్టు సరిగ్గా మధ్యకు వచ్చేలా కత్తిరించి, దాన్ని తాకకుండా చుట్టూ కుట్టింది. నలభై ఏళ్లు దాన్ని ఎక్కడ పెట్టిందో గుర్తులేదని నాకు అబద్ధం చెబుతూ, సరిచేసే నా చేతికి అందకుండా దాచింది. నేను ఆమె కుట్టును ఒక్క పూట కూడా ఉండనివ్వలేదు. యాభై దాటిన మగవాణ్ని, ఆ బొంత మీదే కూర్చుని ఏడ్చాను.

అమ్మ లేచాక బొంతా బ్లేడూ తీసుకుని అమ్మ ముందర కూర్చున్నాను.

"అమ్మా, నేనే ఇప్పినా. నేనే కుట్టినా."

"తెలుసులే."

"తెలిస్తే ఎందుకు తిట్టలేదు?"

"అబద్ధం ఆడే కొడుకునైతే తిడతా. తల్లిని సూసి జాలిపడే కొడుకుని ఏమని తిట్టేదప్పా?"

ఆమె చెయ్యి పట్టుకుని ఆకుపచ్చ ముక్క మీద పెట్టాను. వేలు ఆ పాత కుట్టు మీద ఆగింది. "దొరికినట్లుండాదే" అని నవ్వింది. నేను ఆమె ముందే నా తిన్నని కుట్లు ఒక్కొక్కటే బ్లేడుతో తెంపడం మొదలుపెట్టాను. టిక్కు టిక్కుమని తెగే చప్పుడు ఆమె వింటూ కూర్చుంది. కాసేపటికి, "సాలు గానీ, సూదులు యాడుండాయి?" అంది.

దుకాణం మూడు రోజులు మూసేశాను. గిరాకీలు ఫోనులో నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. నేను దారాలు ఎక్కించడం, ఆమె కుట్టడం, అంతే పని. నా కళ్లముందే కుట్టు పక్క ముక్కల మీదికి ఎక్కి దిగుతుంటే చేతులు కట్టుకుని కూర్చున్నాను. నా భార్య మధ్యమధ్యలో వచ్చి, నా చేతులు కట్టే ఉన్నాయా లేదా చూసి పోయేది.

తొట్లో వేసే రోజు పొద్దునకు నోరొక్కటే మిగిలింది. ఇంటినిండా చుట్టాలు. మా కూతురు బిడ్డను ఎత్తుకుని వచ్చి అవ్వ పక్కన కూర్చుంది. చెల్లెలు కొర్రలు తెచ్చింది, అవి కొర్రలేనా అని అందరం గిన్నెలోకి తొంగి చూశాం. అమ్మ చిటికెడు తీసి బిడ్డ అరచేతికి తాకించి బొంత నోట్లో వేసింది. నేను సూది అందించాను.

నాలుగు టాకాలు వేసి ఆగింది.

"ఏమప్పా, సక్కంగా వస్తాండాదా?"

నా భార్య నా వంకే చూస్తోంది.

"లేదమ్మా" అన్నాను. "బలే వంకరగా వస్తాండాది."

అమ్మ బొటనవేలితో ఆ నాలుగు టాకాలూ నిదానంగా తడిమి చూసుకుంది.

"అట్లయితే నాదే" అని, మిగిలింది కుట్టేసి, దారం పళ్లతో కొరికి తెంపింది.