తడి రంగు మీద పసుపు బొట్టు

తెలంగాణ రావడానికి రెండేళ్ల ముందటి దసరా అది. ఆ పొద్దున మా నాయిన మీద నేను అరిచిన అరుపు నాచారంలో మా గల్లీ మొత్తానికి వినిపించింది. అరవకుండా ఏం చేయాలి చెప్పండి?

మా డాబా మీద రేకుల గదిలో బొమ్మలు వేసేదాన్ని. కుంచె పట్టేదాన్ని కాదు. రంగుల్ని పలచగా కలిపి, నేల మీద పరిచిన కాన్వాసు మీద మగ్గులతో పోసేదాన్ని. అటూ ఇటూ వంచి పారనిచ్చి, ఎటూ వాలకుండా రసమట్టం పెట్టి సరిచూసి వదిలేయాలి. ఆరడానికి మూడు రోజులు. అప్పటిదాకా ఈగ వాలినా పాడే.

నాయిన ముప్పై ఏళ్లు ఇక్కడి ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేశాడు. నాది ఆయన లెక్కలో పనే కాదు. ఉప్పల్ నుంచి చుట్టాలొచ్చి "బిడ్డ ఏం జేస్తది?" అంటే, "ఏం జేస్తది, రంగులు పారబోస్తది" అనేవాడు. నా ముందే! వాళ్లు నవ్వేవాళ్లు. నాకు ఒళ్లు మండిపోయేది.

ఆ ఏడు మొదటిసారి ఒక ప్రదర్శనలో నాకు చోటు దొరికింది, ఒక్క బొమ్మకు. పండగైన రెండు రోజులకు ఇవ్వాలి. పండగ ముందు రోజు పోశాను. నీలంలోంచి తెలుపు తనంతట తానే పాయలు పాయలుగా విడిపోయింది. అంత బాగా ఎన్నడూ కుదరలేదు. తలుపు దగ్గరగా వేసి కిందికి దిగాను.

పొద్దున పైకెళ్లి చూద్దును కదా, రంగు డబ్బాలకు బొట్లు. మగ్గులకు బొట్లు. రసమట్టానికి బొట్టు. కాన్వాసు నట్టనడుమ, తడి రంగులో, పసుపు ముద్ద, దాని మీద కుంకుమ. పక్కన బంతిపువ్వు కూడా!

"నాయినా, నీకేమన్న సోయి ఉన్నదా? సర్వనాశనం జేసినవ్ గదా!"

నా అరుపుకు ఆయన పసుపు గిన్నెతోనే పైకొచ్చి గోడకు ఆనుకున్నాడు. "ఫ్యాక్టరీల మిషిన్లకు పెడ్తుంటి గద బిడ్డా. గిది గూడ పనే గదా అని పెట్టిన. తడి ఉన్నదని సూడలే."

పనే గదా. ఆ మాట కోసం ఎన్నేళ్లు చూశానో! తీరా అది చెవిన పడ్డాక "ముందు కిందికి పో" అన్నాను. ఆయన దిగిపోయాడు. పసుపు తీయబోతే నీలమంతా బురదయింది. మళ్లీ పోస్తే ఆరడానికి రోజుల్లేవు. నా చోటు ఇంకెవరికో ఇచ్చేశారు.

మరుసటి దసరాకు ఆయన నట్లు బిగించే తన పాత పానాలకు, స్కూటరుకు, అమ్మ కుట్టు మిషనుకు బొట్లు పెట్టుకున్నాడు. పైకి రాలేదు. నేనే మగ్గులన్నీ గంపలో వేసుకొచ్చి ఆయన ముందు పెట్టాను.

"ఎండినయే, పెట్టు."

"వద్దు బిడ్డా. నాకు తెల్వని పని. నువ్వే పెట్టుకో."

"పెట్టమంటుంటే!" అని కసిరాను. ఆయన గిన్నె నా చేతిలో పెట్టి, చేతులు కడుక్కోవడానికి లేచాడు.

అప్పట్నుంచీ దసరాకు నా మగ్గులకు నేనే బొట్లు పెట్టుకుంటున్నాను. పెట్టిన ప్రతిసారీ కోపమొస్తుంది.