ఆఖరి శత్రువు పాట

మా నాన్న ఆటోనగర్ దగ్గర ఒక చిన్న సంఘానికి పాస్టరు. చర్చి గోడను ఆనుకునే మా ఇల్లు. సంఘంలో ఎక్కువమంది లారీ షెడ్లలో పనిచేసేవాళ్లు, వాళ్ల కుటుంబాలు. నేను డిగ్రీ చదువుతున్నప్పుడు, స్పేర్ పార్టుల కొట్టున్న ఒక సంఘపెద్ద కొత్త కంప్యూటర్ కొనుక్కుని తన పాతది చర్చికిచ్చాడు. పాటల కాగితాలూ, పండగ కరపత్రాలూ టైపు చేయడానికి. టైపు వచ్చింది నాకొక్కడికే కాబట్టి దాన్ని మా ముందు గదిలోనే పెట్టారు.

ఆ కంప్యూటర్లో ఆడుకోవడానికి ఒక జపాన్ ఆటను గవర్నర్‌పేటలో మెట్ల కింద సీడీలమ్మే కొట్లో కొన్నాను. అప్పటిదాకా నాకు తెలిసిన ఆటలు కారు పందేలూ, తుపాకులూ. ఇది వేరు. ఒక రాజ్యంలో బావులన్నీ ఎండిపోతుంటాయి. ఒక పడవవాడు, మందులు తెలిసిన ఒక ముసలామె, కొలువు మానేసిన ఒక సైనికుడు కలిసి కారణం వెతుక్కుంటూ ఊరూరా తిరుగుతారు. వాళ్లను నడిపించేది మనమే. దారిలో భూతాలు ఎదురైతే యుద్ధం. అదీ హడావుడి యుద్ధం కాదు. మనం ఏం చేయాలో తేల్చుకునేదాకా శత్రువు ఎదురుగా కదలకుండా నిలబడే ఉంటాడు. గెలిచినకొద్దీ మనవాళ్లకు బలం పెరుగుతుంది. సత్రంలో పడుకుంటే గాయాలు మానతాయి. మాటలన్నీ తెర కింద వచ్చీరాని ఇంగ్లీషులో కనబడేవి. డిక్షనరీ ఒళ్లో పెట్టుకుని చదివేవాణ్ణి. ముసలామె తన చనిపోయిన మనవరాలి సంగతి చెప్పిన రోజు నాకు అన్నం సయించలేదు.

ఒకసారి నాన్న వెనక నిలబడి చూసి, ఇది దేని గురించిరా అని అడిగారు. లోకాన్ని కాపాడటం గురించి అన్నాను. పర్లేదే అని వెళ్లిపోయారు. ఆ మాట అమ్మకు మెచ్చుకోలుగా చెప్పారట కూడా.

ఆట చివరికొచ్చాక బావులు ఎందుకు ఎండుతున్నాయో తెలిసింది. ఆకాశంలో ఒక గోపురం పైన కూర్చుని ఎవరో నీళ్లన్నీ తనలోకి లాక్కుంటున్నాడు. ఒక ఆదివారం, ఆరాధనా, భోజనాలూ అయ్యాక ఆ గోపురం ఎక్కాను. తెర నిండా తెల్లటి రెక్కలు, వెలుగు. ఆర్గన్ మొదలైంది. దానిమీద ఎంతోమంది గొంతులు కలిపి పాడుతున్న పాట. శత్రువు పేరు కనబడే చోట మూడు ఇంగ్లీషు అక్షరాలు. దేవుడు అని.

పాస్టరు కొడుకుని. ఒళ్లు జలదరించిన మాట నిజం. కానీ కుర్చీలోంచి లేవలేదు. నావాళ్లు ముగ్గురికీ ఎంతెంత బలం మిగిలిందో చూసుకున్నాను.

అప్పుడే గేటు చప్పుడైంది. నాన్న వెనకే మా సంఘంలోని ఒకావిడ వస్తోంది. వాళ్లది చల్లపల్లి అవతల పల్లెటూరు. భర్త ఇక్కడ లారీ షెడ్డులో మెకానిక్కు. ముందురోజు జాకీ జారి లారీ అతని కాలి మీద పడింది. మర్నాడు ఆపరేషన్. ఆస్పత్రి నుంచి తిన్నగా ప్రార్థన కోసం వచ్చింది.

గబుక్కున తెర ఆర్పేశాను. పాట మాత్రం ఆగలేదు. స్పీకర్ల వైరు లాగుదామని బల్ల కిందికి వంగాను.

"ఆపకు బాబూ, ఉండనీ," అందామె. "నిన్నటి నుంచీ ఏడుపులు వినీ వినీ ఉన్నాను. ఈ పాట వింటంటే గుండె కాస్త కుదుటపడతంది."

లేచి చూసేసరికి నెత్తిన కొంగు కప్పుకుని మోకరించి ఉంది. కొత్త సీడీనా అని నాన్న అడిగారు. నేను గొణిగింది ఆయనకు వినబడలేదు. సౌండు తగ్గించమని సైగ చేసి ఆయనా మోకరించారు. తగ్గించి నేనూ మోకరించాను.

నాన్న ఆ కాలు గురించి, డాక్టర్ల చేతుల గురించి నెమ్మదిగా ప్రార్థించారు. ఆయన 'నువ్వే దిక్కు ప్రభువా' అన్నచోటల్లా వెనక ఆ గొంతులు పైకి లేస్తున్నాయి. ఆమె స్తోత్రం, స్తోత్రం అంటూ వెక్కిళ్లు పెడుతోంది. ఆ పాట ఎవరు ఎవరిని చంపేటప్పుడు వస్తుందో ఆ గదిలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. భూమి చీలితే బాగుండనుకున్నాను.

ఆమెను సాగనంపి వచ్చి నాన్న తనే తెర మీట నొక్కారు, ఏ బృందం పాడిందో చూద్దామని. రెక్కల బొమ్మ చూశారు. పేరు చదివారు. నేను తడబడుతూ కథంతా చెప్పాను.

"అంటే చివరికి ఈయన్ని చంపాలన్నమాట," అన్నారు.

"మన దేవుడు కాదు నాన్నా. కథలో ఊరికే అలా..."

"నేననేది దాని గురించి కాదురా. ఆవిడ దేనికి తలొంచిందో నీకు తెలుసు. మాకు తెలీదు."

తెర ఆర్పి వెళ్లిపోయారు. తిట్టి ఉంటే తేలికయ్యేది.

ఆపరేషన్ బాగానే జరిగింది. రెండ్రోజులకు ఆమె మా అమ్మ దగ్గరికి వచ్చి, ఆ పాట క్యాసెట్లో ఎక్కించి ఇవ్వమని, భర్తకు వినిపించాలని అడిగి వెళ్లింది. అమ్మ నాన్న వైపు చూసింది. నాన్న నా వైపు చూసి, వెళ్లి నువ్వే చెప్పిరా అన్నారు.

ఆస్పత్రి వరండాలో బత్తాయిలు ఒలుస్తూ కూర్చుని ఉంది. అది భక్తిపాట కాదక్కా, ఆటలోది అన్నాను. పిల్లలాడుకునే ఆటా అని నవ్వబోయింది. అక్కడితో ఆగి ఉండవచ్చు. నిజం చెబితే మొత్తం చెప్పాలన్న పంతం ఎందుకో పట్టుకుంది నన్ను. ఆటలో దేవుడి మీద యుద్ధానికి వెళ్లినప్పుడు వచ్చే పాట అని కూడా చెప్పేశాను.

ఆమె చేతిలో బత్తాయి అలాగే ఉండిపోయింది. ముఖం కందిపోయింది.

"అయ్యగారికి తెలుసా?"

"ప్రార్థన అయ్యాక తెలిసింది."

"నాదే బుద్ధితక్కువ. అడక్కుండా మోకాళ్లేశాను," అంది. తర్వాత, "మీరేమీ అనుకోకండి," అంది.

అప్పటిదాకా నన్ను నువ్వు అనేది. నా సిగ్గు దించుకుందామని వెళ్లి, దాన్ని ఆమె నెత్తిన పెట్టి వచ్చాను.

ఆ ఆట ముగించనే లేదు. భక్తితో కాదు. ఒకసారి పెట్టాను గానీ, ఆర్గన్ మొదలవగానే చెవులు వేడెక్కిపోయి కట్టేశాను.

చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషి తలుపు దగ్గరికి మారింది. కొన్నాళ్లకు ఆమె భర్త చేతికర్రతో రాసాగాడు. అతనికేమీ చెప్పినట్టు లేదు. వేసవి సెలవుల్లో మా పిల్లకు టైపు నేర్పిస్తారా అని నన్నే నవ్వుతూ అడిగాడు. అతని పక్కన ఆమె నేల చూస్తూ నిలబడింది. సరేనన్నాను.

పిల్ల చురుకైంది. తల్లి సాయంత్రం వచ్చి గేటు బయటే నిలబడేది. ఒకరోజు పెద్ద వాన పట్టుకుంది. లోపలికి రండక్కా అన్నాను. పర్లేదండి అంది తడుస్తూనే. అమ్మ వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆమె కుర్చీ అంచున కూర్చుని, కూతురు తెలుగులో కొట్టిన తన పేరును పెదాలతో చదువుకుంది. నాకు క్షమాపణ చెప్పాలనిపించింది. దేనికని చెప్పాలో, చెబితే మళ్లీ ఆ ముఖం ఎలా కందిపోతుందో తెలియలేదు. అమ్మ టీ తెచ్చింది. వాన తగ్గేదాకా వాళ్లిద్దరూ చల్లపల్లి బస్సుల గురించి మాట్లాడుకున్నారు. నేను పిల్లకు తర్వాతి పాఠం చూపిస్తూ తలెత్తకుండా కూర్చున్నాను.